వానలకి ముందు హెల్మెట్ పెట్టె తెరిచి చూడండి

మా షాపు విజయనగరంలో. మైక్‌సెట్ వాళ్ళకి, డీజే వాళ్ళకి యాంప్లిఫయర్ పెట్టెలు చేయడం మా అసలు పని. 9 మిల్లీమీటర్ల ప్లైవుడ్, అంచులకి అల్యూమినియం బీడింగ్, మూలలకి ఇనప గుండ్లు, తిప్పితే బిగుసుకునే లాకులు. కొన్నేళ్ళ కిందట ఇక్కడి కుర్రాళ్ళు ముగ్గురు రేసుల్లోకి దిగి, హెల్మెట్లకీ సూట్లకీ ఓ పెట్టె చేసిపెట్టమని వచ్చారు. అప్పట్నుంచి కార్ల వాళ్ళకి, బైకుల వాళ్ళకి కూడా చేస్తున్నాను.

వచ్చిన ప్రతివాళ్ళూ అడిగేది ఒకటే: "కిందపడినా పగలకూడదు." చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాకుకి వెళ్ళాలంటే మనకి 800 కిలోమీటర్ల పైమాట. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే ఇంకా దూరం. కాబట్టి దెబ్బల గురించి భయం సహజమే. కానీ నా దగ్గరికి పాడై వచ్చిన సామాన్లలో దారిలో దెబ్బతిన్నవి తక్కువ. జూన్ నుంచి నవంబరు దాకా పెట్టెలో మూసి ఉండగా పాడైనవే ఎక్కువ. మన జిల్లాల్లో రేసు సామాన్లకి మొదటి శత్రువు చెమ్మ. రెండో శత్రువు, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నా, పెట్టె చేసిన నాలాంటివాడే.

నేను చేసిన మొదటి పెట్టె కథ చెప్తాను. చక్కగా కుదిరింది. లోపల సోఫా స్పాంజి కోసి, హెల్మెట్ ఆకారంలో గుంట చేసి, సొల్యూషన్‌తో అతికించాను. సాయంత్రానికి ముట్టుకుంటే ఆరినట్టే ఉంది. కుర్రాళ్ళకి తొందర. హెల్మెట్ పెట్టి, మూతేసి, తీసుకెళ్ళిపోయారు. మూడు వారాల తర్వాత ఒకడు హెల్మెట్ పట్టుకొచ్చి, లోపలి మెత్త ఊడదీసి చూపించాడు. "ఏటి బాబాయ్ ఇది, ఎలక కొరికిందా?" థర్మాకోల్ మీద, నుదురు ఆనే చోట, వేలి గోరంత గుంటలు. అంచులు కరిగిన మైనంలా నున్నగా ఉన్నాయి. ఎలక కొరికితే అంచు గరుకుగా ఉంటుంది కదా. సొల్యూషన్ ఆవిరి చేసిన పని అది. హెల్మెట్ లోపల మన తలని కాపాడేది ఆ థర్మాకోలే. పై చిప్ప గట్టిగా ఉంటుంది, దెబ్బని మింగేది మాత్రం లోపలి తెల్ల పొర. సొల్యూషన్‌లో ఉండే టోలుయీన్, థిన్నర్, పెట్రోలు లాంటివాటి ఆవిరి తగిలితే అది కరిగిపోతుంది. ఆ హెల్మెట్ డబ్బులు నేనే కట్టాను. ధర చెప్పను, ఇంట్లో ఇప్పటికీ తెలీదు.

అందుకని కొత్త పెట్టె ఎవరి దగ్గర చేయించుకున్నా, వారం రోజులు మూత తెరిచి ఉంచండి. తర్వాత ఓ రాత్రి ఖాళీగా మూసిపెట్టి, పొద్దున్నే తెరిచి వాసన చూడండి. సొల్యూషన్ వాసన ఏ మాత్రం వచ్చినా ఇంకో వారం.

ఇదే లెక్కలో కలరా ఉండలు. బట్టల మధ్య, సూట్‌కేసుల్లో వేయడం మనకి తాతల నాటి అలవాటు. హెల్మెట్ ఉన్న పెట్టెలో మాత్రం ఒక్కటి కూడా వద్దు. నాఫ్తలీన్ ఆవిరి కూడా థర్మాకోల్‌ని మెత్తబరుస్తుంది. వేపాకు కావాలంటే ఎండబెట్టి, గుడ్డలో కట్టి పెట్టుకోండి. హాని లేదు, గొప్ప లాభమూ లేదు.

మే నెలలో చేయాల్సిన పని

రోహిణి కార్తె పోకముందే ఓ ఆదివారం పెట్టె మొత్తం ఖాళీ చేయండి. మొదట ముక్కుతో చూడండి. ముక్కిన వాసన వస్తే బూజు మొదలైనట్టే, కంటికి కనపడకపోయినా. తర్వాత లోపలి స్పాంజిని బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. గుంట వెంటనే పూడకపోయినా, వేలికి పొడి అంటినా, జిగురు తగిలినా దాన్ని పీకి పారేయండి. సోఫా స్పాంజి నీళ్ళు పీలుస్తుంది. మన తీరం చెమ్మకి కొన్నేళ్ళలో పిండి అవుతుంది, ఆ పిండి సూట్‌కి అంటితే వదలదు. దాని బదులు నీళ్ళు పీల్చని పాలిథిలీన్ ఫోమ్ వేయించండి. టీవీ, ఫ్రిజ్ ప్యాకింగులో థర్మాకోల్ కాకుండా, వంచినా విరగని తెల్ల షీటు చూసుంటారు, అదే. ధర ఎక్కువ. కోయడం కూడా కష్టం, పదునైన కత్తి కావాలి. అయినా అదే వేయించండి.

హెల్మెట్ గూడు కోసేటప్పుడు చాలామంది హెల్మెట్‌ని బిగుతుగా పట్టేలా అడుగుతారు. బిగుతు అక్కర్లేదు. వైజరు (ముందు అద్దం) మీద, వెనక రెక్క మీద బరువు పడకుండా, చుట్టూ రెండు వేళ్ళ జాగా ఉంటే చాలు. కార్ల వాళ్ళ హెల్మెట్‌కి రెండు పక్కలా హాన్స్ (గుద్దుకున్నప్పుడు మెడని కాపాడేందుకు భుజాల మీద వేసుకునేది) పట్టీలు తగిలించే గుబ్బలు ఉంటాయి, వాటికి విడిగా గుంట తీయించండి. హాన్స్‌ని హెల్మెట్ మీద పెట్టడం, దాని మీద బూట్లు పడేయడం చేయకండి. దానికి వేరే గూడు. పట్టీలు మడత పడకుండా, మూత కింద నలగకుండా ఉండాలి.

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణ కొని దూరం తీసుకెళ్ళినవాళ్ళకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. ఒక్క పనస దుంగలోంచి చెక్కిన వీణని కూడా కుండ దగ్గర ఆనించి, మెడ దగ్గర బరువు పడకుండా పెడతారు. నా రెండో పెట్టెకి ఆలోచన అక్కడే వచ్చింది.

పెట్టెకి ఎదురెదురుగా రెండు కన్నాలు పెట్టించండి, ఒక్కోటి అంగుళం వెడల్పు. వాటికి స్టీలు జల్లెడ, ఎలకలు దూరకుండా. ప్రయాణంలో రబ్బరు బిరడాలు బిగించాలి, ఇంట్లో ఉన్నప్పుడు తీసేయాలి. పాత ఇనప ట్రంకు పెట్టె వాడేవాళ్ళు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. రాత్రి చల్లబడ్డాక రేకు లోపల చెమరుస్తుంది, ఆ నీటి బొట్లు నేరుగా సూట్ మీద పడతాయి.

తడి సూట్‌కి సిలికా జెల్ దిక్కు కాదు

చెమ్మ పీల్చే గుళికలు, అదే సిలికా జెల్, పొట్లాలు నాలుగు పడేసి నిశ్చింతగా ఉండేవాళ్ళు చాలామంది. ఓ చిన్న లెక్క చూడండి. రెండు హెల్మెట్ల పెట్టెలో ఉండే గాలి దాదాపు 110 లీటర్లు. వానాకాలంలో ఆ గాలిలో ఉండే నీరు ఎంత చేసినా 3, 4 గ్రాములు. దానికి సిలికా జెల్ పుష్కలంగా సరిపోతుంది. అదే చెమటతో తడిసి సగం ఆరిన సూట్‌లో పావు లీటరు నీళ్ళుంటాయి. 200 గ్రాముల సిలికా జెల్ అందులో సగం కూడా లాగలేదు. అంటే ముందు పూర్తిగా ఆరాలి, ఆ తర్వాతే పెట్టెలోకి. రంగు మారిన గుళికల్ని 110 డిగ్రీల వేడిలో రెండు గంటలు ఉంచితే మళ్ళీ పనికొస్తాయి. బియ్యం పోయకండి. చెమ్మ పోదు సరికదా పురుగు పడుతుంది, వెనకే ఎలకలు.

కార్ల వాళ్ళ నోమెక్స్ (సులువుగా మంట అంటుకోని గుడ్డ) సూట్ ఉతికేటప్పుడు బ్లీచింగ్, మెత్తబరిచే కండిషనర్ రెండూ వద్దు. కండిషనర్ వదిలే పొర మంట అంటుకునేది. మంట నుంచి కాపాడే గుడ్డకి మనమే నూనె రాసినట్టు. ఎండలో కూడా ఆరేయకండి. ఎండకి ఆ నూలు బలం తగ్గుతుంది, రంగూ పోతుంది. తిరగేసి నీడలో ఆరేయాలి. శ్రావణమాసపు ముసురులో నీడలో ఆరడం అంటే మూడు రోజులైనా అవ్వదని నాకూ తెలుసు. ఏసీ ఉంటే డ్రై మోడ్‌లో ఓ రాత్రి, లేకపోతే ఫ్యాన్ కింద విడిగా వేలాడదీయండి. హెల్మెట్‌కి కంప్యూటర్లలో వచ్చే 12 వోల్టుల చిన్న ఫ్యాన్‌ని కిందనుంచి ఊదేలా పెట్టండి. హెయిర్ డ్రయ్యర్, బల్బు వేడి రెండూ వద్దు. మధ్యాహ్నం ఎండలో కారు డిక్కీలో వదలడం అసలే వద్దు. సూట్ గూడులో వెల్క్రో కుట్టమని ఎవరైనా సలహా ఇస్తే ఒప్పుకోకండి, గరుకు వైపు లోపలి బనీను నూలుని లాగేస్తుంది.

బైకుల వాళ్ళ తోలు సూట్ వెడల్పు హ్యాంగరుకి వేలాడాలి, పైన నూలు గుడ్డ సంచి. పొందూరు ఖద్దరే కానక్కర్లేదు, పాత లుంగీ కుట్టించినా అదే పని చేస్తుంది. ప్లాస్టిక్ కవరు మాత్రం వద్దు. బూజు పట్టిందా, ఇంటి బయటికి తీసుకెళ్ళి పొడిగుడ్డతో తుడవండి. ఇంట్లో దులిపితే ఆ బూజు పక్కనున్న హెల్మెట్ మెత్తల్లోకి పోతుంది.

సూట్ మెడ దగ్గరి ఎఫ్‌ఐఏ (ప్రపంచ కారు రేసుల సంస్థ) లేబుల్, హెల్మెట్ లోపలి స్టిక్కరు ఈ పనుల్లో చెరిగిపోకుండా చూసుకోండి. ట్రాకులో తనిఖీ చేసేవాళ్ళు అదే చూస్తారు. లేబుల్ చదవలేకపోతే సూట్ ఎంత బాగున్నా లాభం లేదు.

దారి

రోడ్డు మీద వెళ్తే పెట్టె బండి బాడీకి బెల్టుతో కట్టాలి, తాడుతో కాదు. అదే బండిలో పెట్రోలు క్యాను ఉంటే హెల్మెట్లు ముందు క్యాబిన్‌లో, మీ కాళ్ళ దగ్గర ఉండాలి. దీనికి కారణం పైన చెప్పాను.

రైలు సంగతి వేరు. బోగీలో తీసుకెళ్ళే పెట్టె కొలత 100, 60, 25 సెంటీమీటర్లు దాటకూడదని రైల్వే నిబంధన. థర్డ్ ఏసీలో ఇంకా తక్కువ. హెల్మెట్ ఒక్కటే 25 సెంటీమీటర్ల ఎత్తు దాటుతుంది, దాని చుట్టూ ఫోమ్, ప్లైవుడ్. అంటే పెట్టె లగేజీ వ్యాన్‌లో బుక్ చేయాల్సిందే. హెల్మెట్లు చేతి సంచిలో మీతోపాటు రావాలి. చెన్నై మెయిల్ విజయనగరంలో కాసేపే ఆగుతుంది, కాబట్టి ముందురోజే పార్సిల్ ఆఫీసుకి వెళ్ళి మాట్లాడుకోండి. పెట్రోలు మాత్రం చిన్న సీసాడు కూడా రైలెక్కించకండి. రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ళ దాకా జైలు ఉంది. పెట్రోలు వాసన కొట్టే చేతి తొడుగులకి కూడా అనుమానంగా చూస్తారు, అందుకే ఉతికి బయల్దేరండి.

విమానమైతే ప్లైవుడ్ పెట్టె మర్చిపోండి. 9 మిల్లీమీటర్ల ప్లై చదరపు మీటరు 5, 6 కిలోలు తూగుతుంది. లాకులు, చక్రాలు కలిపి ఖాళీ పెట్టే 14 కిలోలు. టికెట్‌తో వచ్చే 15 కిలోలు అక్కడే అయిపోతాయి. మెత్తటి బ్యాగులో సూట్, బూట్లు వేసి, హెల్మెట్ చేతిలో పట్టుకెళ్ళండి. హెల్మెట్ ఫ్యాన్ బ్యాటరీ, పవర్ బ్యాంకు చెక్-ఇన్‌లో వేయకూడదు, క్యాబిన్ సంచిలోనే ఉంచుకోవాలి.

తుఫాను కబురు వచ్చినప్పుడు

2014లో హుద్‌హుద్ అక్టోబరు 12న, 2018లో తిత్లీ అక్టోబరు 11న. పైడితల్లి సిరిమాను చూసే నెలలోనే మనకి గాలివానలు. అదే నెలలో రేసులూ ఉంటాయి. వాతావరణ శాఖ హెచ్చరిక వచ్చిన రోజే, కరెంటు ఉండగానే, సూట్లన్నీ ఆరబెట్టేయండి. పోయాక ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలీదు. కన్నాలకి బిరడాలు బిగించి, కొత్త సిలికా జెల్ వేసి, పెట్టెని నేల మీద కాకుండా మంచం మీదో బల్ల మీదో పెట్టండి. నాగావళి, వంశధార పక్కనున్న ఊళ్ళవాళ్ళు మేడ మీదికి చేర్చండి. అటక మీద వద్దు, పెంకు లేచిపోతే నీళ్ళు ముందు అక్కడే పడతాయి. టార్పాలిన్ చుడితే పెట్టెకి బయట చుట్టండి. సూట్‌కి ప్లాస్టిక్ చుట్టి లోపల పెట్టినవాళ్ళు తర్వాత బూజు తుడవడానికి నా దగ్గరికే వస్తారు.

వాన తెరిపివ్వగానే మొదటి రోజే పెట్టె తెరవండి. తెరవాలంటే తాళం చెవి ఉండాలి కదా. మా కుర్రాళ్ళలో ఒకడు పెట్టె చెన్నైకి పంపి, చెవి విజయనగరంలో వదిలేశాడు. ట్రాకు దగ్గర బీడింగ్ విరగ్గొట్టి తీశారు. ఇప్పుడు నేను చేసే ప్రతి పెట్టెకీ అంకెల తాళమే. ఆ అంకెలు పెట్టె మీద మార్కరుతో రాసుకొచ్చినవాళ్ళు కూడా ఉన్నారనుకోండి.