మారిషస్ వెళ్లిన పూర్వీకుడి జాడ, మా ఇంటిపేరు మూలం

మా తాతగారి తాత మారిషస్ చెరకు తోటల్లో పనికి వెళ్లారని ఇంట్లో తరతరాలుగా చెప్పుకునేవారు గాని, ఇంటిపేరు పట్టుకుని వెతికినంతకాలం ఆయన జాడ దొరకలేదు. 1834 నుంచి 1910 వరకు ఒప్పంద కూలీలుగా అక్కడికి చేరినవారి నమోదు పుస్తకాలు మారిషస్‌లోని మోకా అనే ఊరిలో, మహాత్మా గాంధీ సంస్థలో ఉన్నాయి. వాటిలో వలసదారుకు ఇచ్చిన సంఖ్య, పేరు, తండ్రి పేరు, కులం, ఊరు, జిల్లా, ఓడ వివరాలు కనిపిస్తాయే తప్ప ఇంటిపేరు సాధారణంగా ఉండదు. అక్కడ స్థిరపడినవారి సంతానానికి ఆ పూర్వీకుడి సొంత పేరే వంశనామమైన సందర్భాలు ఎన్నో.

అందువల్ల ఇంటిపేరును పక్కనబెట్టి, గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసి ఉండగల రూపాలన్నిటితో ఆయన పేరును, తండ్రి పేరును వెతికించాను. అయినా జిల్లా కుదరలేదు. 1859కి ముందు గోదావరి జిల్లా అనేదే లేదనీ, మా ఊరు అప్పట్లో రాజమండ్రి జిల్లాలోనిదనీ గుర్తించి ఆ పేరుతో చూసినప్పుడు, తండ్రి పేరూ ఊరూ రెండూ సరిపోయిన నమోదు దొరికింది.

ఇంటిపేరు సంగతి వేరు. అది మరొక ఊరి పేరు. సొంత ఊరిలో అందరూ ఆ ఊరివారే కనుక ఊరి పేరు ఎవరినీ వేరుచేసి చూపదు, వదిలి వెళ్లినవారికే అది ఇంటిపేరుగా నిలుస్తుంది. ఇనాం భూముల (పన్ను మినహాయింపుతోనో తగ్గింపుతోనో ఇచ్చిన భూముల) హక్కులను విచారించడానికి 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్ నాటి రిజిస్టర్లలో ఆ ఊరి పుటలు చూస్తే మా పూర్వుల పేర్లు కనిపించాయి. ఒకే ఇంటిపేరు వేర్వేరు కులాల్లోనూ ఉంటుంది కాబట్టి, గోత్రం కూడా కలిసిన తరువాతే వాటిని వంశవృక్షంలో చేర్చాను.