అరీనా ఒప్పందం చదవడం ఎలా: ఓటు వేసేలోపు చూడాల్సినవి

మీ సిటీలోని ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు కొత్త అరీనా (ఇండోర్ స్టేడియం) అడుగుతోందా? "డబ్బివ్వకపోతే జట్టు వేరే ఊరికి వెళ్లిపోతుంది" అన్న మాట వినబడుతోందా? టెన్షన్ పడకుండా, ఓటు వేసేలోపు ఒక సాయంత్రం ఒప్పందం కాగితాలకు కేటాయించండి. నేనుండేది సియాటెల్ పక్కన రెంటన్‌లో. 2007లో సియాటెల్ జట్టు సూపర్‌సోనిక్స్ (సోనిక్స్) ఓనర్లు 500 మిలియన్ డాలర్ల అరీనా కట్టాలని అడిగింది ఇక్కడే. రాష్ట్ర శాసనసభ ఒప్పుకోలేదు. 41 సీజన్లు ఆడిన జట్టు 2008లో ఓక్లహోమా సిటీకి వెళ్లిపోయింది. కాంట్రాక్టులు చదవడం నా ఉద్యోగం కాబట్టి ఇలాంటి ప్రతిపాదన ఎక్కడ వచ్చినా మిత్రులు నాకు పంపుతుంటారు. నేను చదివే పద్ధతి చెప్తాను.

ప్రెస్ రిలీజ్ పక్కన పెట్టండి. సిటీ కౌన్సిల్ ఎజెండాకు జతచేసిన టర్మ్ షీట్ (ఒప్పందం ముఖ్యాంశాల కాగితం), లీజు ముసాయిదా డౌన్‌లోడ్ చేసుకోండి. దొరక్కపోతే పబ్లిక్ రికార్డ్స్ చట్టం కింద సిటీని రాతపూర్వకంగా అడగండి. అందరూ మొదట చూసేది సిటీ ఎంత ఇస్తోందన్న అంకె. నేను ముందు లీజు తెరుస్తాను. డబ్బు ఇచ్చేశాక జట్టును ఊళ్లో ఆపగలిగేది అదొక్కటే.

లీజు ఎన్నేళ్లు, మధ్యలో వెళ్లిపోవడానికి దారులేమున్నాయి అన్నవి వెతకండి. సోనిక్స్ లీజు 2010 వరకు ఉంది. డబ్బు కట్టి తప్పించుకోకుండా, గడువు దాకా సిటీ సొంత అరీనా అయిన కీఅరీనాలోనే ఆడాలని పట్టుబట్టడానికి వీలిచ్చే 'స్పెసిఫిక్ పెర్ఫార్మెన్స్' నిబంధన కూడా అందులో ఉంది. సిటీ దాన్ని పట్టుకునే కోర్టుకెళ్లింది. విచారణ ముగిసి, 2008 జూలై 2న తీర్పు రావడానికి కొన్ని గంటల ముందు 45 మిలియన్ డాలర్లకు రాజీపడింది. ఐదేళ్లలో వేరే జట్టు రాకపోతే మరో 30 మిలియన్లు ఇస్తామని ఓనర్లు ఒప్పుకున్నారు. కానీ 2009 చివరికల్లా అరీనా ఆధునికీకరణకు శాసనసభ నిధులు ఆమోదిస్తేనే అని షరతు. ఆమోదం రాలేదు, ఆ డబ్బూ రాలేదు. అందుకే నేను ప్రతి "ఆమోదిస్తే", "లోబడి" కింద గీత గీస్తాను. జట్టు పదో ఏట వెళ్లిపోతే కట్టే పరిహారం, ఆ ఏటికి సిటీ నెత్తిన మిగిలే అప్పుకన్నా తక్కువైతే ఆ లీజుకు నేను ఓటు వేయను.

తర్వాత అప్పు లెక్క. సిటీ వాటా 250 మిలియన్లు అనుకుందాం. 4.5 శాతం వడ్డీకి 30 ఏళ్ల బాండ్లు జారీచేసి అప్పు తీసుకుంటే ఏడాదికి సుమారు 15.3 మిలియన్లు, మొత్తం మీద 460 మిలియన్లు. పోస్టర్ మీద వేసేది 250, మనం కట్టేది 460. నిర్మాణ ఖర్చు పెరిగితే ఎవరు భరిస్తారో, పాతికేళ్ల పాటు రూఫ్, స్కోర్‌బోర్డు మార్పించేది ఎవరో కూడా రాసుకోండి. కచేరీల ఆదాయం, పేరు హక్కుల డబ్బు (అరీనాకు తమ పేరు పెట్టుకోవడానికి కంపెనీలు కట్టేది) ఎవరికి పోతుందో చూడండి. అరీనా సిటీ పేరున ఉంటే సాధారణంగా ప్రాపర్టీ ట్యాక్స్ కూడా రాదు.

ఒక విషయం చాలామందికి తెలియదు. 1986 పన్ను చట్టం ప్రకారం, ప్రైవేటు సంస్థ వాడే భవనానికి ఆ సంస్థ నుంచే పది శాతం మించి అప్పు తీరుతుంటే బాండ్ల వడ్డీకి ఫెడరల్ పన్ను మినహాయింపు పోతుంది. ఆ మినహాయింపు కావాలంటే అద్దె తక్కువ పెట్టి, అప్పును మామూలు పన్నులతో తీర్చాలి. అంటే వడ్డీ చౌకగా దొరకాలంటే జట్టు తక్కువ కట్టాలి! "హోటల్ పన్నుతో కడతాం, మీ జేబుకేం నష్టం లేదు" అంటే, ఆ పన్ను డబ్బు ఇప్పుడు దేనికి ఖర్చవుతోందని అడగండి. ఉద్యోగాల అంచనాలమీద నేను ఎక్కువసేపు ఉండను. రెగ్యులర్ సీజన్‌లో జట్టు సొంతూళ్లో ఆడేది 41 ఆటలు, అక్కడ ఖర్చుపెట్టేవాళ్లలో చాలామంది అదే డబ్బు ఊళ్లోనే ఇంకోచోట ఖర్చుపెట్టేవాళ్లే.

బెదిరింపు ఎంత నిజమో కూడా తూచాలి. జట్టు మారాలంటే మిగతా ఓనర్ల ఓటు కావాలి, అవతలి ఊళ్లో అరీనా ఉండాలి. ఓక్లహోమా సిటీలో 2002 నుంచే ఉంది. శాక్రమెంటో కింగ్స్‌ను సియాటెల్‌కు తేవాలన్న ప్రయత్నాన్ని 2013లో ఓనర్లు 22-8తో తిరస్కరించారు. కానీ శాక్రమెంటో కూడా ఊరికే నిలబెట్టుకోలేదు, కొత్త అరీనాకు 250 మిలియన్లకు పైగా ఒప్పుకుంది. 2023లో ఓక్లహోమా సిటీ ఓటర్లు కనీసం 900 మిలియన్ల అరీనాకు ఆరేళ్ల ఒక సెంటు సేల్స్ ట్యాక్స్ ఆమోదించారు. ఓనర్ల వాటా 50 మిలియన్లు. నాకు జట్టంటే ప్రాణం, అయినా ఈ నిష్పత్తి అన్యాయమనే అంటాను. సియాటెల్‌లోనే పాత కీఅరీనాను తర్వాత ప్రైవేటు డబ్బుతో తిరిగి కట్టి 2021లో తెరిచారు. సిటీ ఆస్తిగానే ఉంది.

పబ్లిక్ హియరింగ్‌లో మాట్లాడటానికి రెండు మూడు నిమిషాలే ఇస్తారు. ఉపన్యాసం వద్దు, ఒకే ప్రశ్న రాసుకుని వెళ్లండి: "ఈ పెట్టుబడికి సిటీకి కనీసం ట్రెజరీ బాండ్లంత (ఫెడరల్ ప్రభుత్వ బాండ్లంత) రాబడి వస్తుందా?" 2006లో సియాటెల్ ఓటర్లు ఇనిషియేటివ్ 91 (నేరుగా ఓటర్లే ఆమోదించిన చట్టం)తో పెట్టిన షరతు అదే. పేజీ నంబరు చెప్పి అడగండి, అదే రోజు ఈమెయిల్‌లో కూడా పంపండి. జవాబు రాతలో వచ్చేదాకా ప్రతి మీటింగ్‌కూ వెళ్లండి.