పంట గింజల్లో జన్యుమార్పిడి ఆనవాళ్లు ఎలా పరీక్షించాలి?

జన్యుమార్పిడి చేసిన మొక్కజొన్న గింజనూ మామూలు గింజనూ పక్కపక్కన పెట్టి చూడండి. రంగు, రుచి, బరువు, దేన్ని బట్టీ పోల్చుకోలేం. తేడా లోపలి డీఎన్ఏలో ఉంటుంది, ఆ డీఎన్ఏ వల్ల తయారయ్యే ప్రొటీన్‌లో ఉంటుంది. పరీక్షలు కూడా ఈ రెండింటిలో ఏదో ఒకదాన్ని వెతికేవే.

మొదట మీకు ఏం తెలియాలో తేల్చుకోండి. జన్యుమార్పిడి సరుకు కలిసిందా లేదా? కలిస్తే ఎంత శాతం? ఏ రకం? మూడింటికీ పరీక్షలు వేరు. ఉదాహరణకు యూరోపియన్ యూనియన్‌లో, అనుమతి ఉన్న రకం అనుకోకుండా కలిసినా 0.9 శాతం దాటితే లేబుల్‌పై చెప్పాల్సిందే. అక్కడికి పంపే సరుకైతే ‘ఉంది’ అన్న ఒక్క మాట చాలదు, శాతం కావాలి.

నమూనా తీయడం

నేను అన్నిటికన్నా గట్టిగా పట్టుబట్టేది ఇక్కడే. ఎంత ఖరీదైన యంత్రమైనా మీరు ఇచ్చిన గింజల గురించే చెబుతుంది, బస్తాలో మిగిలిపోయిన వాటి సంగతి దానికి తెలియదు.

వెయ్యి గింజలకు ఒక్కటి జన్యుమార్పిడిది ఉందనుకుందాం. వంద గింజలు తీస్తే అందులో అది పడే అవకాశం 10 శాతం కూడా లేదు. 3,000 గింజలు తీస్తే 95 శాతం. మొక్కజొన్నలో 3,000 గింజలంటే సుమారు కిలో. పై బస్తాలోంచి గుప్పెడు తీసి పంపితే వచ్చే ‘లేదు’ అన్న జవాబును నమ్మి సరుకు పంపడం ప్రమాదం.

వేర్వేరు పొలాల పంట ఒకే కుప్పలో పొరలు పొరలుగా పడుతుంది. అందుకే ఒక్కచోట తీయకండి. వీలైనన్ని బస్తాల్లో పైన, నడుమ, అడుగున గొట్టం గుచ్చి కొంచెం కొంచెం తీయండి. సరుకు దింపుతున్నప్పుడు పడే ధారలోంచి మధ్యమధ్యలో పట్టుకుంటే ఇంకా మంచిది. అంతా కలిపి కుప్ప పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు ఉంచుకోండి. కావలసినంతకు తగ్గేదాకా ఇలాగే చేయండి. చివరికి రెండు సమాన నమూనాలు కట్టి సీలు వేయండి. ఒకటి ల్యాబుకు, ఒకటి మీ దగ్గర.

3,000 గింజల్నీ మొత్తంగా పిండి చేయాలి, ఆ తర్వాతే అందులోంచి కొంచెం తీసుకోవాలి. పిండిచేసే యంత్రంలో పాత నమూనా దుమ్ము మిగిలితే అదీ ఫలితంలో కనబడుతుంది, కాబట్టి ప్రతిసారీ శుభ్రంగా కడిగి ఆరబెట్టండి.

స్ట్రిప్ పరీక్ష

పిండిని కిట్‌లో చెప్పిన ద్రవంలో కలిపి బాగా కుదిపి, పైన తేరిన ద్రవంలో స్ట్రిప్ (ప్రొటీన్‌ను పట్టే సన్నని పట్టీ) ముంచితే 5 నుంచి 10 నిమిషాల్లో గీతలు వస్తాయి. పరీక్ష సరిగా జరిగిందని చెప్పే గీత తప్పకుండా రావాలి; దానితోపాటు రెండో గీత వస్తే వెతికిన ప్రొటీన్ ఉన్నట్టు. మొదటి గీత రాకపోతే ఆ స్ట్రిప్ పారేసి మళ్లీ చేయండి.

స్ట్రిప్ తాను వెతికే ప్రొటీన్‌నే పట్టుకుంటుంది. బీటీ (పురుగును తట్టుకునేలా చేసిన) మొక్కజొన్నలోని క్రై1ఏబీ అనే ప్రొటీన్ కోసం చేసినది, కలుపుమందును తట్టుకునే సోయాను గుర్తించదు. ఉడికించిన, వేయించిన పదార్థాల్లో ప్రొటీన్ రూపు చెడుతుంది కాబట్టి వాటికి దీన్ని వాడకండి.

పీసీఆర్ పరీక్ష

పీసీఆర్ అంటే వెతికే డీఎన్ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసి చూసే పద్ధతి. ఇది ల్యాబు పని, అయినా అక్కడ ఏం అడగాలో మీకు తెలిసి ఉండాలి. డీఎన్ఏ తీశాక ముందు ఆ పంటకు సహజంగా ఉండే జన్యువు, సోయాకైతే లెక్టిన్, కనబడుతోందా అని చూడాలి. అదీ కనబడకపోతే డీఎన్ఏ సరిగా రాలేదన్నమాట, ఇక ‘లేదు’ అన్న ఫలితానికి విలువ లేదు.

తర్వాత చాలా జన్యుమార్పిడి రకాల్లో ఉండే 35ఎస్ ప్రమోటర్, నాస్ టెర్మినేటర్ (చొప్పించిన జన్యువు పని ఎక్కడ మొదలవాలో, ఎక్కడ ఆగాలో చెప్పే డీఎన్ఏ ముక్కలు) వెతుకుతారు. రెండూ వెతకమనండి. ఎంఓఎన్810 అనే బీటీ మొక్కజొన్న రకంలో నాస్ లేదు, అదొక్కటే చూస్తే ఆ రకం తప్పించుకుంటుంది. ఇంకో చిక్కుంది. 35ఎస్ అసలు కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ నుంచి తెచ్చింది. ఆ వైరస్ సోకిన క్యాబేజీ, ఆవ జాతి మొక్కలు జన్యుమార్పిడి చేయకపోయినా ‘ఉంది’ అనిపిస్తాయి. అక్కడ వైరస్‌కు విడిగా పరీక్ష చేయించాలి.

రకం తేల్చాలంటే, చొప్పించిన డీఎన్ఏ మొక్క సొంత డీఎన్ఏతో అతుక్కున్న చోటును వెతుకుతారు. ఆ అతుకు ఒక్కో రకానికి ఒక్కోలా ఉంటుంది. శాతం కావాలంటే రియల్ టైమ్ పీసీఆర్, అంటే నకళ్లు పెరుగుతుండగానే కొలిచేది.

రిపోర్టు చదవడం

‘కనబడలేదు’ అంటే సున్నా కాదు. ఎంత తక్కువ దాకా పట్టగలరో రిపోర్టులో ఉందా చూడండి. శాతం బరువు లెక్కా, డీఎన్ఏ లెక్కా అన్నదీ అడగండి, రెండూ ఒకటి కాదు. శుద్ధిచేసిన నూనె, పంచదారల్లో డీఎన్ఏ దాదాపు మిగలదు కాబట్టి వాటిని కాక ముడిసరుకునే పరీక్షించాలి. బయటి జన్యువు చేర్చకుండా జీన్ ఎడిటింగ్‌తో (మొక్క సొంత డీఎన్ఏనే దిద్ది) చేసిన పంటలు 35ఎస్, నాస్ పరీక్షలకు దొరకవు.

ఫలితం మీద అనుమానం వస్తే మళ్లీ బస్తా విప్పకండి. సీలు వేసి దాచిన రెండో నమూనాను, ఈ పరీక్షకు ఐఎస్ఓ 17025 (ల్యాబుల సామర్థ్యానికి అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉన్న మరో ల్యాబుకు పంపండి.