బొడ్డులో తడి, దురద, చీము: ముందు నూనె సీసా పక్కన పెట్టండి

ఎండాకాలం నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో చెమట సంగతి చెప్పనక్కర్లేదు. చీర కుచ్చిళ్లు, లుంగీ ముడి, బెల్టు అన్నీ బొడ్డు దగ్గరే బిగుస్తాయి. లోతైన బొడ్డులో ఆ తడి ఆరదు. పైగా రాత్రిపూట బొడ్డులో నూనె వేసుకుంటే సూక్ష్మజీవులకు పండుగే.

దురద, ఎర్రబడిన మడతలు, తెల్లటి పొర

ఎక్కువగా కాండిడా అనే ఫంగస్ పని. నూనె మానేసి, స్నానం తర్వాత మెత్తటి గుడ్డతో తడి అద్దండి. క్లోట్రిమజోల్ క్రీము పలుచగా, రోజుకు రెండుసార్లు, రెండు వారాలు రాయండి. మందుల దుకాణంలో ‘దురదకు ఏదైనా ఇవ్వండి’ అంటే స్టెరాయిడ్ కలిపిన ట్యూబు చేతిలో పెట్టవచ్చు. దానితో దురద రెండు రోజుల్లో తగ్గుతుంది, ఫంగస్ మాత్రం లోపల పెరుగుతూనే ఉంటుంది. పెట్టె మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ అని ఉంటే తిరిగి ఇచ్చేయండి. మాటిమాటికీ వస్తుంటే షుగరు పరీక్ష చేయించుకోండి.

నల్లటి గట్టి ఉండ

మురికి, చర్మపు పొట్టు, జిడ్డు ఏళ్ల తరబడి పేరుకుని రాయిలా మారతాయి. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో ఊక దుమ్ము మధ్య పనిచేసేవారు రోజూ బొడ్డు సబ్బుతో కడుక్కోవడం మంచిది. పిన్నీసుతో పెకలించకండి. నూనె పనికొచ్చేది ఇక్కడొక్కచోటే: రెండు చుక్కలతో మెత్తబరిస్తే డాక్టరు తేలిగ్గా తీస్తారు.

చీము, నొప్పి, వేడి

ఇది బాక్టీరియా. యాంటీబయాటిక్ ఏది, ఎన్నాళ్లు అన్నది డాక్టరే చెప్పాలి. ఎరుపు చుట్టూ పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే వెళ్లండి. మూత్రంలాంటి నీరు కారితే మూత్రాశయం నుంచి బొడ్డుకు ఉండే నాళం పుట్టుకతో మూసుకోలేదేమో సర్జన్ చూడాలి.

పసికందు బొడ్డు

బొడ్డుతాడు సాధారణంగా ఒకటి రెండు వారాల్లో ఎండి రాలిపోతుంది. అప్పటిదాకా పసుపు, బూడిద, ఆముదం, పౌడరు ఏదీ వద్దు. ‘మేమందరినీ అలాగే పెంచాం’ అని నానమ్మ అంటుంది. కాదనడం కష్టమే. కానీ అక్కడి రక్తనాళాలు ఇంకా పూర్తిగా మూసుకోవు, క్రిములు నేరుగా రక్తంలోకి చేరవచ్చు. డైపరు బొడ్డు కిందికి మడవండి. ఆశా కార్యకర్త 3, 7, 14వ రోజుల్లో ఇంటికి వచ్చినప్పుడు బట్ట విప్పి బొడ్డు చూపించండి. చుట్టూ ఎర్రబడినా, దుర్వాసన వచ్చినా, బిడ్డ పాలు తాగకపోయినా, ఒళ్లు కాలినా, చల్లబడినా తెల్లవారేదాకా ఆగకుండా 108కి ఫోను చేయండి.