జబ్లా మీద ఎర్ర మరక: పసిబట్టలకు మొక్కల రంగులు వేస్తే వచ్చే చిక్కులు

కిందటి వేసవిలో ఒకరోజు తెల్లారకముందే ఫోను. మధురవాడ నుంచి మా చిన్నాడపడుచు. "వదినా, జబ్లా అడుగున ఎర్రగా ఉంది. రక్తమేమోనని కాళ్లూ చేతులూ ఆడట్లేదు. వాడేమో హాయిగా నిద్రపోతున్నాడు." నేను అడిగింది ఒకటే: "రాత్రి తడిసిన జబ్లాని అలాగే బకెట్లో పడేశావా?" పడేసిందట.

బారసాలకని నేనే వేసిచ్చిన పసుపు జబ్లా అది. పసుపులో సున్నం కలిపితే పారాణి అవుతుందని మనందరికీ తెలుసు. పాతబడిన ఉచ్చలో పుట్టే అమ్మోనియా కూడా సున్నం చేసే పనే చేస్తుంది. బట్టల సబ్బూ అంతే. బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికెళ్లొచ్చాక పసుపంటిన కొంగుకు సబ్బు రాస్తే ఎర్రబడటం వైజాగ్ ఆడవాళ్లలో చూడనివాళ్లు తక్కువ. అనుమానం తీరాలంటే మరక మీద రెండు చుక్కలు నిమ్మరసం పిండండి. పసుపు వల్ల వచ్చిన ఎరుపైతే వెంటనే మళ్లీ పసుపుపచ్చగా మారుతుంది. మారకపోతే అది వేరే సంగతి, డాక్టరుకు చూపించాలి.

ఆ తర్వాత చుట్టాలకూ తెలిసినవాళ్లకూ చాలా వేసిచ్చాను, చాలా పాడుచేశాను కూడా. ఎక్కువగా అడిగే ఫిర్యాదులు, వాటి వెనక ఉన్న కారణాలు ఇవి.

పసుపు రెండు వారాలకే వెలిసిపోయింది

పసుపు రంగు ఎండకు ఆగదు. పటిక వేసినా, కరక్కాయ వేసినా పెద్ద తేడా ఉండదు. డాబా మీద నాలుగు రోజులు ఆరేస్తే చాలు, సగం పోతుంది. నీడన ఆరేస్తే కాస్త ఎక్కువ కాలం ఉంటుంది, అంతే. అందుకే ఇప్పుడు పసుపుపచ్చ కావాలంటే బంతిపూలో దానిమ్మ తొక్కో వాడుతున్నాను. దసరా అయ్యాక గుమ్మాలకు కట్టిన దండలన్నీ చెత్తబుట్టలోకే కదా, అవి తెచ్చుకుని నీడన ఎండబెట్టి డబ్బాలో దాచుకుంటాను. పచ్చిపూలైతే బట్ట ఎంత బరువో అంత, ఎండినవైతే అందులో సగం. ముప్పావుగంట సన్నటి సెగ మీద ఉంచి వడగట్టాలి. తెర్లనిస్తే రంగు మట్టిగా వస్తుంది.

శాస్త్రానికి పసుపే ఉండాలంటారా, కొమ్ములు కొని పట్టించుకోండి. పాడేరు కొమ్ములు మన దగ్గర దొరకనివి కావు. విడిగా అమ్మే పొడిలో మెరుపు కోసం లెడ్ క్రోమేట్ కలిపే కల్తీ ఒకటుంది. సీసం ఉన్న గుడ్డను బిడ్డ చప్పరిస్తే ఏమవుతుందో వేరే చెప్పాలా? ఎరుపు కోసం సింధూరం పొడి వేస్తామని అడిగినవాళ్లూ ఉన్నారు. దాంట్లోనూ సీసం ఉండొచ్చు. వద్దే వద్దు.

ఒక్క ఉతుక్కే రంగంతా నీళ్లలోకి వచ్చేసింది

ముందు ఏ రంగు వేశారో చూడండి. బీట్‌రూట్, మందారం, శంఖుపూలు అయితే తప్పు మీది కాదు. అవి గుడ్డకు అంటుకుంటాయి గానీ గుడ్డలో నిలవవు. గిన్నెలో రంగు ఎంత అందంగా కనబడితే బట్ట మీద అంత మోసమని నా అనుభవం.

బంతి, దానిమ్మ, మంజిష్ఠ లాంటి నిలిచే రంగులు కూడా పోతుంటే చిక్కు పటిక దగ్గర ఉంటుంది. పట్టుకూ ఉన్నికీ పటిక తేలిగ్గా పడుతుంది. నూలు మొండిది. దానికి ముందు కరక్కాయ వగరు పట్టించాలి, దాని మీద పటిక నిలుస్తుంది. పటిక మీద రంగు నిలుస్తుంది. పెడన, శ్రీకాళహస్తి కలంకారీ వాళ్లు గుడ్డను కరక్కాయలో ముంచాకే పని మొదలుపెట్టేది అందుకే. అరకిలో పొడిబట్టకు (అంటే పది జబ్లాలు అనుకోండి) 75 నుంచి 100 గ్రాముల కరక్కాయ పొడి. రాత్రంతా నానబెట్టి, పిండి, జాడించకుండా ఆరేయాలి. మర్నాడు 75 గ్రాముల పటిక వేడినీళ్లలో కరిగించి, చల్లారాక బట్ట వేసి మళ్లీ రాత్రంతా ఉంచాలి. ఒకసారి పైపైన జాడించి రంగులో వేయడమే.

ఇవన్నీ సరిగ్గా చేసినా పోతోందా? అయితే నీళ్లు. గోదారి బురదనీళ్లలో పటిక ముక్క తిప్పితే బురద అడుక్కి దిగడం చూసే ఉంటారు. బోరునీళ్లలో ఉండే క్షారం కూడా పటికను అలాగే తెల్లటి తెట్టుగా మార్చి కిందకు దించేస్తుంది. బట్టకు చేరాల్సిన పటిక బకెట్ అడుగున కూర్చుంటుంది. మాకు కుళాయి రానప్పుడు అపార్ట్‌మెంటు బోరుతో చేసిన విడతలన్నీ ఇలాగే పోయాయి, కారణం తెలియడానికి నాకు ఏడాది పట్టింది. పటిక కరిగించిన నీళ్లు మబ్బుగా మారితే అవి పనికిరావు. మున్సిపాలిటీ కుళాయి నీళ్లో, పట్టుకున్న వాననీళ్లో వాడండి. ఫిల్టరు వదిలేసే నీళ్లు మాత్రం బోరుకన్నా అన్యాయం.

ఏటికొప్పాక బొమ్మల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. "ఆ లక్కపిడతల రంగులు పిల్లలు నోట్లో పెట్టుకున్నా పోవు కదా, బట్టకీ అలాంటివే వేయండి" అని అడుగుతారు. అవీ మొక్కల రంగులే. కానీ అక్కడ రంగును పట్టి ఉంచేది లక్క. అంకుడు కర్ర తరిణి మీద తిరుగుతుంటే ఆ రాపిడి వేడికి రంగు కలిపిన లక్క కరిగి పూతలా పడుతుంది. బట్టకు లక్క పూయలేం కాబట్టి అంత కొట్టొచ్చినట్టుండే రంగూ రాదు. పసిబట్టకు లేతరంగే మేలు. ముదురుగా వేయాలని ఎక్కువ పోస్తే ఆ ఎక్కువంతా బిడ్డ చొంగలోకే వస్తుంది.

మచ్చలు మచ్చలుగా పట్టింది

గంజి. కొత్త మల్లు గుడ్డలో గంజి, పత్తిలో సహజంగా ఉండే మైనం రెండూ ఉంటాయి. వట్టి నీళ్లకు పోవు. అరకిలోకు 10 గ్రాముల బట్టల సోడా, కాస్త సబ్బు వేసి గంటసేపు ఉడికించాలి. టీ రంగు నీళ్లు దిగితే పని జరుగుతున్నట్టే. ఆరాక మీద ఒక చుక్క నీళ్లు వేయండి. చుక్క ముత్యంలా నిలబడితే మళ్లీ ఉడకాలి, వెంటనే ఇంకిపోతే రంగుకు సిద్ధం.

గిన్నె చిన్నదైనా మచ్చలే. బట్ట ఈదాలి.

కుట్లు తెల్లగా మిగిలిపోయాయి

దారం పాలిస్టరు. దానికి మొక్కల రంగు పట్టదు. నూలు దారంతో కుట్టించండి, లేదా డిజైన్ అని చెప్పుకోండి. నేను రెండోదే చేస్తుంటాను.

నల్ల చుక్కలు

మన ఊళ్లో ఇది మామూలు. ఉప్పుగాలికి దండెం తీగ తుప్పు పడుతుంది, పిన్నీసు తుప్పు పడుతుంది, జబ్లా టిచ్ బటను తుప్పు పడుతుంది. కరక్కాయో దానిమ్మో పట్టిన గుడ్డకు ఆ తుప్పు తగిలితే నల్లబడుతుంది. కలంకారీలో నలుపు తీసేదే ఇలా, ఇనప ముక్కలూ బెల్లమూ కలిపి పులియబెట్టి. వాళ్లు కావాలని చేస్తారు, మనకు వద్దన్నా అవుతుంది.

తాజా చుక్క మీద నిమ్మరసం, ఉప్పు రాసి పది నిమిషాలకు కడిగితే పలచబడుతుంది. కాకపోతే చుట్టూ ఉన్న రంగూ తగ్గుతుంది. చుక్కలు చాలా ఉంటే వాటితో పోట్లాడకుండా బట్ట మొత్తాన్నీ బూడిదరంగు చేసేయడం తేలిక: అరకిలోకు 5 గ్రాముల అన్నభేది (ఇనుము ఉప్పు, ఫెర్రస్ సల్ఫేట్), పది నిమిషాలు. అంతకు మించితే నూలు పెళుసెక్కుతుంది. అన్నభేది పొట్లం పిల్లలకు అందకుండా పైన పెట్టండి, మింగితే చాలా ప్రమాదం. మైలుతుత్తం, క్రోమ్ లాంటివి పసిబట్టల కోసం ఇంట్లోకే రానివ్వొద్దు. ఇక దండెం సంగతి, నైలాను తాడు కట్టండి.

నీలిరంగు చెంపకు అంటింది

మొదట, ఏ నీలిమందు కొన్నారు? కిరాణాకొట్లో తెల్లబట్టలకు పెట్టడానికి అమ్మేది ఇది కాదు, అది ఉతికితే పోవడానికే ఉంది. జుట్టుకు గోరింటాకుతో కలిపి పెట్టే నీలి ఆకు పొడీ కాదు. ఆకులు నానబెట్టి చిలికి తీసిన ముద్ద కావాలి.

అసలైనదే అయినా అంటుతోందంటే, ఒకేసారి చిక్కటి నీలిలో ముంచారని అర్థం. నీలి నీళ్లలో కరగదు, దాన్ని సున్నం, బెల్లంతో పులియబెట్టి కరిగించాక గుడ్డలోకి వెళ్తుంది, గాలి తగిలాక లోపలే గట్టిపడుతుంది. ఎక్కువైతే గుడ్డ పైనే పొడిలా కూర్చుంటుంది. పలచటి నీలిలో నాలుగైదుసార్లు ముంచి, ప్రతిసారీ పావుగంట గాలికి వదలండి. చివర్లో వేడి సబ్బునీళ్లలో, నీళ్లు తేటగా వచ్చేదాకా ఉతకాలి. నాకు ఆరు నీళ్లు పట్టిన రోజులున్నాయి.

అప్పగించే ముందు నేను చేసే పరీక్ష ఒకటే. తెల్ల నూలుగుడ్డను గోరువెచ్చటి నీళ్లలో తడిపి, రంగు బట్ట మీద పెట్టి, రుబ్బురాయి పొత్రం ఎత్తి నాలుగు గంటలు ఉంచుతాను. తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ జబ్లా వెనక్కి.

ఒంటి మీద దద్దుర్లు

మొక్కల రంగు కాబట్టి ఏమీ కాదు అనే మాట నమ్మొద్దు. మొక్కల్లోనూ పడనివి ఉంటాయి. అలాగని ప్రతిదానికీ రంగును తిట్టనూ వద్దు. మే నెల ఉక్కలో మెడమీదా మడతల్లోనూ వచ్చేవి ఎక్కువగా చెమటకాయలే. బట్ట తగిలినచోటల్లా ఎర్రబడి, తీసేస్తే తగ్గుతుంటే అప్పుడు బట్టను అనుమానించాలి. తగ్గకపోయినా, నీరుకారినా ఆగకుండా పిల్లల డాక్టరు దగ్గరకు వెళ్లండి.

బట్టలో ఉండే కారణం చాలాసార్లు రంగుకన్నా మిగిలిన సోడా. పసిపిల్లల బట్టలకు ఓకోటెక్స్ (బట్టల్లో హాని చేసేవి ఉన్నాయేమో చూసే అంతర్జాతీయ పరీక్ష) ప్రమాణం పెట్టిన పీహెచ్ (పులుపు, క్షారాల కొలత) 4 నుంచి 7.5. పీహెచ్ కాగితాలు చేపల తొట్లు అమ్మే కొట్లో దొరుకుతాయి, ఆఖరి జాడింపు నీళ్లలో ముంచి చూడండి. 8 దాటితే ఒక బకెట్లో రెండు చెంచాల వెనిగరు కలిపి జాడించి, మళ్లీ మంచినీళ్లలో తీయాలి. రోజువారీ ఉతుక్కి కుంకుడు రసం మంచిది, రంగునూ పాడుచేయదు. బాగా జాడించండి, కుంకుడు కంట్లో పడితే ఎలా ఉంటుందో మన చిన్నప్పటి తలంటులు చెబుతాయి.

గోరింటాకు రంగు నేను పసిబట్టలకు వేయను. జీ6పీడీ (ఎర్రరక్తకణాలను కాపాడే ఎంజైము) పుట్టుకతోనే లోపించిన పసివాళ్లకు ఒంటికి గోరింటాకు పెట్టినప్పుడు ఎర్రరక్తకణాలు చితికిపోయిన కేసులున్నాయి. బట్ట వల్ల అంత జరగకపోవచ్చు. కానీ బూడిదరంగుకూ బంతిరంగుకూ ఏం తక్కువని?

అదే లోపం ఉన్నవాళ్లకు ఇంకా పెద్ద ప్రమాదం మన బీరువాల్లోనే ఉంది. పెద్దాడి జబ్లాలు రెండోవాడి కోసం దాచేటప్పుడు కలరా ఉండలు వేస్తాం. వాటిలోని నాఫ్తలీన్ బట్టకు పట్టి, పసివాళ్లకు తీవ్రమైన కామెర్లు తెస్తుంది. ఆ ఉండల బదులు ఎండిన వేపాకు వేయండి. ఇప్పటికే ఉండలతో దాచిన బట్టలుంటే అవి ఎంత అందంగా రంగు నిలిచి ఉన్నా సరే, కొత్తగా పుట్టినవాడికి తొడగకండి. వాడికి కొత్త గుడ్డ తెచ్చి, గంజి తీయడం నుంచి మొదలుపెట్టండి.