తిరుపతిలో టాక్సీ ఎక్కే ముందు చూడవలసినవి

లండన్ నల్ల టాక్సీ పైకప్పు మీది దీపం వెలుగుతుంటే బండి ఖాళీగా ఉందని అర్థం. తిరుపతి రైల్వే స్టేషను బయట నిలబడినవారు మాత్రం ముందుగా నంబరు ప్లేటు చూడాలి. పసుపు ప్లేటు మీద నల్ల అక్షరాలుంటే అది కిరాయికి తిప్పడానికి నమోదైన బండి; విద్యుత్ టాక్సీకైతే ఆకుపచ్చ ప్లేటు మీద పసుపు అక్షరాలుంటాయి. తెల్ల ప్లేటు కారు సొంత వాడకానికి నమోదైనది కనుక, డ్రైవరు ఎంత తక్కువకు వస్తానన్నా ఎక్కకండి. దారిలో ప్రమాదం జరిగితే బీమా పరిహారం దగ్గర చిక్కులు మొదలవుతాయి.

నలుపు ప్లేటు మీద పసుపు అక్షరాలున్నవి మనమే నడుపుకొనే అద్దె కార్లు.

కేంద్ర రవాణా శాఖ వారి ఎంపరివాహన్ యాప్‌లో బండి నంబరు కొడితే ఫిట్‌నెస్ (బండి రోడ్డు మీద తిరగడానికి తగిన స్థితిలో ఉందన్న ధ్రువీకరణ), బీమా గడువులు కనిపిస్తాయి. ఎనిమిదేళ్లు దాటిన టాక్సీకి ఏటా ఫిట్‌నెస్ పరీక్ష తప్పనిసరి. పిల్లలతో, పెద్దవాళ్లతో తిరుమల ఘాట్ రోడ్డు మలుపులు ఎక్కి దిగేవారు ఈ ఒక్క పరిశీలన మానకూడదని నా గట్టి అభిప్రాయం. కాణిపాకం, శ్రీకాళహస్తి కూడా చూడాలనుకుంటే వెయిటింగ్ చార్జీ, టోలు ఎవరు భరించాలో బయలుదేరక ముందే మాట్లాడుకోండి.