పోస్ట్‌గ్రెస్ బ్యాకప్: డంప్ చాలా, బేస్‌బ్యాకప్ కావాలా?

పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌కి బ్యాకప్ పద్ధతి ఎంచుకునే ముందు రెండు విషయాలు తేల్చుకోండి: ఎంతసేపటి డేటా పోయినా తట్టుకోగలరు, ఎంతసేపట్లో సర్వర్ మళ్లీ లేవాలి.

డేటాబేస్ కొద్ది జీబీలే ఉండి, నిన్న రాత్రి తర్వాతి ఎంట్రీలు మళ్లీ కొట్టుకోగలిగితే పీజీ డంప్ (డేటాబేస్‌ని ఒక ఫైలుగా తీసిపెట్టే టూల్) చాలు. అది నడుస్తున్నా యూజర్ల పని ఆగదు. కస్టమ్ ఫార్మాట్‌లో తీస్తే తర్వాత ఒక్క టేబుల్‌నే వెనక్కి తెచ్చుకోవచ్చు. కొత్త వెర్షన్‌కి మారేటప్పుడూ అదే ఫైలు పనికొస్తుంది. ఒక మెలిక ఉంది: రోల్స్ (డేటాబేస్ యూజర్ ఖాతాలు), వాటి పాస్‌వర్డ్‌లు అందులో రావు. వాటి కోసం పీజీ డంప్ ఆల్‌ని గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో విడిగా నడపాలి. చాలామందికి ఈ సంగతి రీస్టోర్ రోజునే తెలుస్తుంది, అదీ టెన్షన్‌లో.

ఖాళీ సర్వర్ మీద ఒకసారి రీస్టోర్ చేసి టైమ్ చూడండి. డేటా వందల జీబీలైతే డంప్‌తో గంటలు గడుస్తాయి, ఇండెక్స్‌లన్నీ (డేటాను త్వరగా వెతకడానికి ఉండే సూచికలు) మళ్లీ కట్టాలి కదా. అప్పుడు పీజీ బేస్‌బ్యాకప్ (సర్వర్ డేటా ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టే కాపీ చేసే టూల్) తీసి, వాల్ ఫైళ్లను (డేటాలో జరిగే ప్రతి మార్పూ రాసుకునే లాగ్) వేరే మెషీన్‌కి ఆర్కైవ్ చేయండి. మధ్యాహ్నం 2:15కి ఎవరో వేర్ క్లాజ్ (ఏ వరుసలు తీసేయాలో చెప్పే షరతు) మర్చిపోయి డిలీట్ కొట్టినా, 2:14 నాటి స్థితికి వెళ్లొచ్చు. కాకపోతే క్లస్టర్ (ఆ సర్వర్‌లోని డేటాబేస్‌లన్నీ) మొత్తాన్నీ వెనక్కి తేవాలి, అదీ అదే మేజర్ వెర్షన్ మీద.

రెప్లికా (మార్పులన్నీ ఎప్పటికప్పుడు అందుకునే రెండో సర్వర్) ఉందిగా, ఇక బ్యాకప్ ఎందుకు అంటారా? ఆ డిలీట్ మామూలుగా క్షణాల్లో అక్కడికీ చేరిపోతుంది.